లంబసింగి డిగ్రీలు చూసి వంజంగి ఎక్కొద్దు

డిసెంబరు వచ్చిందంటే చాలు, పేపరు జిల్లా పేజీలో మన్యం చలి మీద ఒక బాక్సు ఐటమ్ ఖాయం. చింతపల్లిలో ఇంత, లంబసింగిలో ఇంత, పాడేరులో ఇంత అని డిగ్రీల లెక్క వేస్తారు. ఆ అంకె తగ్గేకొద్దీ విశాఖ నుంచి బయల్దేరే కార్లు పెరుగుతుంటాయి. శనివారం రాత్రి భోజనాలు చేసుకుని ఎక్కితే తెల్లారేసరికి పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద ఉండొచ్చు, కాళ్ల కింద మేఘాలు చూడొచ్చు అన్నది ప్లాను. తీరా ఎక్కాక కొందరికి నిజంగానే పాలసముద్రం కనిపిస్తుంది. కొందరికి కొండ మీద కూడా పొగమంచే, పక్కన నిలబడ్డ మనిషి ఆనడు. ఇంకొందరికి ఎదురుగా లోయ, పొలాలు, ఇళ్లు అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి, ఒక్క మేఘం తప్ప. "నిన్న వచ్చినవాళ్లకి భలేగా కనిపించిందట, మన ఖర్మ" అనుకుంటూ దిగిపోతారు.

ఇందులో ఖర్మ పాత్ర తక్కువ. ఆ మూడు దృశ్యాలకూ వేర్వేరు కారణాలున్నాయి. చాలావరకు ముందురోజు సాయంత్రమే వాటి జాడ తెలుస్తుంది. చిక్కల్లా మనం నమ్ముకున్న అంకెతోనే. లంబసింగిలో ఎంత చలి పడిందన్నది వంజంగిలో మేఘాలుంటాయో లేదో చెప్పదు. ఒక్కోసారి చలి బాగా విరుచుకుపడిన రోజునే లోయ ఖాళీగా ఉంటుంది.

ముందు ఆ చలి ఎక్కణ్నుంచి వస్తుందో చూద్దాం. అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రమైన పాడేరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అరకు లోయదీ దాదాపు అదే ఎత్తు. లంబసింగి కొంచెం ఎక్కువ, 1,000 మీటర్ల దరిదాపుల్లో. కిలోమీటరు పైకి వెళ్తే గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుందని బడిలో చదువుకున్న లెక్క. దాని ప్రకారం విశాఖలో రాత్రి 18 డిగ్రీలుంటే పాడేరులో 12 ఉండాలి. కానీ అక్కడ ఎనిమిదికీ ఏడుకీ పడిపోయే రాత్రులు ఏ చలికాలంలోనైనా ఉంటాయి. అంటే మన్యం చలికి ఎత్తు ఒక్కటే కారణం కాదు. మిగతా పని రాత్రిదీ, నేలదీ.

చలికాలంలో ఇక్కడ రాత్రి దాదాపు 13 గంటలు. ఈశాన్య రుతుపవనాల జోరు తగ్గాక ఉత్తరం నుంచి పొడిగాలి దిగుతుంది, ఆకాశం తేటపడుతుంది. పగలంతా ఎండ తాగిన నేల పొద్దుగూకగానే ఆ వేడిని ఆకాశంలోకి వదిలేస్తూ ఉంటుంది. మబ్బు ఉంటే ఆ వేడిలో కొంత తిరిగి నేలకే వస్తుంది. లేకపోతే పోయిందంతా పోయినట్టే. అలా నేల చల్లబడుతుంది, నేలను తాకుతున్న గాలి చల్లబడుతుంది. చల్లబడ్డ గాలి బరువెక్కుతుంది. నీరు పల్లమెరుగు అన్నట్టే చల్లగాలీ పల్లమెరుగుతుంది. చుట్టూ ఉన్న కొండవాలుల మీద చల్లబడ్డ గాలి నెమ్మదిగా జారుతూ పాడేరు, చింతపల్లి, అరకు లాంటి పళ్లాల్లో చేరి అక్కడే ఆగిపోతుంది. గాలి వీచకపోతే దాన్ని కలియబెట్టేది లేదు. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకల్లా అడుగున చలి, దాని మీద కొంచెం వెచ్చటి గాలి పొర ఏర్పడతాయి. భూగోళం పాఠాల్లో దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. మామూలుగా పైకి వెళ్లేకొద్దీ చలి పెరగాలి, ఈ వేళప్పుడు మాత్రం కిందే ఎక్కువ. పాడేరులో బండి ఎక్కేటప్పుడు వణికినవాళ్లు వంజంగి సగం ఎక్కాక "ఇదేంటి, ఇక్కడ అంత చలి లేదే" అనుకుంటారు. నడక వల్ల ఒళ్లు వేడెక్కిందని సరిపెట్టుకుంటారు. అదీ నిజమే, కానీ గాలి కూడా నిజంగానే కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటుంది.

ఇక్కడ పేపర్లో వచ్చే "సున్నా డిగ్రీ" గురించి ఒక మాట. చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలాంటి చోట్ల థర్మామీటరును నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున, గాలాడే తెల్లపెట్టెలో పెట్టి కొలుస్తారు. గడ్డి పరక దగ్గర ఉష్ణోగ్రత దానికంటే ఇంకా కొన్ని డిగ్రీలు తక్కువ. అందుకే పెట్టెలో మూడో నాలుగో చూపిస్తున్న రోజున కూడా గడ్డి మీద, గడ్డివాముల మీద, కారు టాపు మీద పడ్డ తేమ గడ్డకట్టి తెల్లగా కనిపించొచ్చు. దాన్ని ఫోటో తీసి "ఆంధ్రా కశ్మీర్‌లో స్నోఫాల్" అని పెట్టేస్తారు. ఆకాశం నుంచి ఏదీ రాల్లేదు. ఆ తెల్లదనమంతా నేల దగ్గరే పుట్టింది.

ఇప్పుడు మేఘాల సంగతి. వంజంగి నుంచి మనం చూసేవి ఎక్కణ్నుంచో తేలి వచ్చిన మేఘాలు కావు. అవి పాడేరు పళ్లెంలో ఆ రాత్రే పుట్టిన పొగమంచు. అడుగున పేరుకున్న చల్లగాలి తనలోని తేమను ఇక మోయలేని స్థితికి వచ్చాక, ఆ తేమ కంటికి ఆనని చిన్న చిన్న నీటి బిందువులుగా మారి గాలిలో వేలాడుతుంది. పైనున్న వెచ్చటి పొర దానికి మూత. ఆ మూత ఎక్కడుంటే పొగమంచు అక్కడికే ఆగుతుంది. అందుకే దాని పైభాగం అంత చదునుగా, గీత గీసినట్టు ఉంటుంది. మనం నిలబడ్డ చోటు ఆ గీతకు పైన ఉంటే సముద్రం, కింద ఉంటే తెల్ల చీకటి. వంజంగిలో కనిపించే సముద్రమూ, అదే సమయానికి పాడేరులో బస్టాండు కనిపించనివ్వని పొగమంచూ రెండూ ఒకటే. లంబసింగి దగ్గర చెరువులవేనం, అరకు దగ్గర మాడగడ వ్యూపాయింట్లలో జరిగేదీ ఇదే.

కాబట్టి కావాల్సింది చలి ఒక్కటే కాదు, చలితో పాటు తేమ. ఉత్తరాది పొడిగాలి గట్టిగా దిగిన రోజున తేమ తక్కువ. నీటి ఆవిరి బిందువుగా మారేటప్పుడు కొంత వేడి విడుదలవుతుంది, ఆ వేడి చలిని కొంత నిలవరిస్తుంది. పొగమంచు త్వరగా, దట్టంగా పట్టిందంటే నేల నుంచి వేడి సూటిగా పైకి పోవడమూ తగ్గుతుంది. పొడి రాత్రి ఈ అడ్డుకట్టలు ఉండవు కనుక ఉష్ణోగ్రత తెగ జారిపోతుంది. పేపర్లో హెడ్డింగ్ అయ్యేది ఆ రాత్రే. ఆ ఉదయం కొండెక్కితే లోయలో పల్చటి తెర కనిపిస్తుందేమో, ఒక్కోసారి అదీ ఉండదు. అదే తేమ బాగా ఉన్న రాత్రి పది, పదకొండు డిగ్రీల దగ్గరే పొగమంచు దట్టంగా పట్టేసి పళ్లెం అంచుదాకా నిండుతుంది. ఆ అంకె చూసి ఎవరూ బయల్దేరరు.

మరి తేమ ఎక్కణ్నుంచి? వాన నుంచి, పంట పొలాల నుంచి, వాగుల నుంచి. నవంబరులో కురిసిన వానకు నేల ఇంకా తడిగా ఉండి, ఆకాశం తేటపడిన మొదటి రెండు మూడు రాత్రుల మీద నాకు గురి ఎక్కువ. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉండగా వెళ్లడం దండగ. దాని మబ్బులు ఎత్తున పరుచుకుని నేల చల్లబడనివ్వవు, రాత్రి ఉష్ణోగ్రత పెరుగుతుంది, విలోమం సరిగ్గా నిలవదు. అప్పుడు కొండ చుట్టూ కమ్మేది మామూలు మబ్బే. తుప్పర కూడా పడుతుంది. పైదాకా ఎక్కినా ఆ మబ్బులోనే ఉంటారు. అది దాటిపోయి గాలి తగ్గి రాత్రి నక్షత్రాలు కనిపించాయంటే ఇక బ్యాగు సర్దుకోవచ్చు.

గాలి సంగతి కూడా ఇంతే ముఖ్యం. అడుగున చేరిన చలిని పైనున్న వెచ్చదనంతో కలిపేయడానికి ఒక మాదిరి గాలి చాలు. అలా కలిసిపోయిన రాత్రి లోయలో సముద్రం ఉండదు.

ఇవన్నీ ఫోన్లోనే చూసుకోవచ్చు. వాతావరణం యాప్‌లో పాడేరు పెట్టి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే చూసి మూసేయకండి. డ్యూ పాయింట్ అని ఇంకో అంకె ఉంటుంది. గాలి ఎంతవరకు చల్లబడితే తేమ నీరుగా మారడం మొదలవుతుందో చెప్పే ఉష్ణోగ్రత అది. తెల్లవారుజామున ఉష్ణోగ్రత ఆ అంకెకు అంటుకుని ఉంటుందని చూపిస్తే, గాలి వేగం గంటకు నాలుగైదు కిలోమీటర్ల లోపు ఉంటే, ఎత్తు మబ్బులు లేకపోతే ఆశ పెట్టుకోవచ్చు. రెండంకెల మధ్య ఆరేడు డిగ్రీల తేడా ఉందంటే అది పొడి రాత్రి. విండీలాంటి యాప్‌లలో తక్కువ ఎత్తు, మధ్య ఎత్తు, ఎక్కువ ఎత్తు మబ్బుల్ని విడివిడిగా చూసే వీలుంది. యాప్‌ల లెక్కకు ఒక లోపం ఉంది. అవి కొన్ని కిలోమీటర్ల గడికి ఒక అంకె చొప్పున ఇస్తాయి, ఆ గడిలో కొండా లోయా రెండూ కలిసిపోతాయి. అందుకని ముందురోజే పాడేరు చేరినవాళ్లు అంతకన్నా నమ్మకమైన పని ఒకటి చేయొచ్చు. రాత్రి తొమ్మిది, పది మధ్య బయటికొచ్చి కారు టాపు మీద చెయ్యి పెట్టి చూడాలి. అప్పటికే తడి తగిలి, తల మీద చుక్కలు కనిపిస్తూ, పక్కనున్న చెట్టు ఆకు కదలకుండా ఉంటే పొద్దున్న నాలుగింటికి నిద్ర లేవడానికి బద్ధకించొద్దు.

ఎక్కేటప్పుడు దారి ఎలా ఉంటుందన్నది దీనికి ముడిపడిన సంగతే. వంజంగి పెద్ద కొండేమీ కాదు. హిమాలయాల ట్రెక్కులతో పోల్చుకుంటే పొద్దుటి వాకింగ్ లాంటిదని అలవాటున్నవాళ్లు తీసిపారేస్తారు. కానీ బళ్లు ఆగే చోటు దాటాక నడిచేది చీకట్లో, ఎర్రమట్టి, రాళ్లు, పైకి వెళ్లాక గడ్డి మీద. మేఘాలు బాగా పట్టే రాత్రే దారి బాగా తడిసే రాత్రి కూడా. పొడిగా ఉన్నప్పుడు పిండిలా లేచే ఎర్రమట్టి, మంచు తడికి పైపైన మాత్రమే మెత్తబడుతుంది, లోపల గట్టిగానే ఉంటుంది. ముందు వెళ్లినవాళ్ల అడుగులకు ఆ పైపొర నున్నబడుతుంది. ఎక్కేటప్పుడు ఒంటి బరువు ముందుకు ఉంటుంది కనుక పెద్దగా తెలీదు. జారేది దిగేటప్పుడే. అప్పటికి జనం పెరిగి ఉంటారు, దారి ఇంకా నలిగి ఉంటుంది, చేతిలో ఫోను ఉంటుంది. అడుగు అరిగిన స్పోర్ట్స్ షూ, చెప్పులు రెండూ వద్దు. గాడి లోతుగా ఉన్న బూటు వేసుకుని, దిగేటప్పుడు దారి మధ్యలో నున్నబడ్డ చోటు వదిలి అంచున గరుకుగా ఉన్న మట్టి మీద, అడుగు చిన్నదిగా వేస్తూ, మోకాలు కొద్దిగా వంచి దిగితే సరిపోతుంది. గడ్డి మీద అడుగు పెట్టేటప్పుడు మాత్రం కింద రాయి ఉందేమో చూసుకోవాలి. తడి గడ్డి కింద రాయి అసలు ఆనదు.

టార్చి విషయంలో ఒక చిన్న కిటుకు. తలకు కట్టుకునే లైటు చీకటి దారిలో హాయిగా ఉంటుంది కానీ పొగమంచు పొరలోంచి ఎక్కుతున్నప్పుడు ఆ వెలుగు నీటి బిందువుల మీద పడి తిరిగి కళ్లలోకే కొడుతుంది, ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు. దాన్ని తీసి నడుము దగ్గర పట్టుకుని నేల మీదికి వేస్తే రాళ్ల నీడలు తేలి దారి తెలుస్తుంది. మూత దాటి పైకి రాగానే ఒక్కసారిగా చుక్కలు కనిపిస్తాయి. సముద్రం కింద ఉందని అప్పుడే అర్థమైపోతుంది.

బట్టల దగ్గర చాలామంది తిరగేసి చేస్తారు. పాడేరు చలికి భయపడి స్వెటరు, దాని మీద జాకెట్టు, మంకీ క్యాప్, అన్నీ వేసుకుని నడక మొదలుపెడతారు. పావుగంటకే చెమటలు. పైకి చేరేసరికి లోపలి బనీను తడిసి ఒంటికి అతుక్కుని ఉంటుంది. శిఖరం మీద గాలి ఉష్ణోగ్రత లోయకన్నా ఎక్కువే అయినా, అక్కడ అడ్డం ఏమీ లేదు కనుక గాలి వీస్తుంది. తడి బట్ట మీద గాలి తగిలితే ఒంట్లో వేడి త్వరత్వరగా పోతుంది. థర్మామీటరు ప్రకారం చలి కిందే ఎక్కువ, మనిషికి వణుకు మాత్రం పైనే ఎక్కువ. కూర్చున్నాక మొదటి అరగంటలోనే ఇది తెలిసొస్తుంది. చిన్నపిల్లల్ని ఎత్తుకుని ఎక్కేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. నడిచే మనిషికి చెమట పోస్తుంటే భుజం మీది పిల్లకు కదలిక లేక కాళ్లు చేతులు చల్లబడుతూ ఉంటాయి, మనకు ఆ సంగతి తట్టదు. నడిచేటప్పుడు కొంచెం చలిగా అనిపించేంత తక్కువ వేసుకోవాలి. పొడి బనీను ఒకటి, గాలి ఆపే జాకెట్టు ఒకటి సంచిలో పెట్టుకుని, పైకి చేరగానే ముందు తడిది మార్చేసి తర్వాత ఫోటోలు తీసుకోవాలి. నడక రోజున నూలు బట్ట కన్నా త్వరగా ఆరే జిమ్ టీషర్టే మేలు.

సూర్యోదయం డిసెంబరు, జనవరుల్లో దాదాపు ఆరుంబావు, ఆరున్నర మధ్య. రోజులు చిన్నవి కాబట్టి డిసెంబరు ఇరవై ఒకటికే సూర్యుడు అన్ని రోజులకన్నా ఆలస్యంగా వస్తాడనుకుంటారు గానీ ఇక్కడ బాగా ఆలస్యమయ్యేది జనవరి రెండో సగంలో. వెలుగు అంతకు ఇరవై నిమిషాల ముందే మొదలవుతుంది. సూర్యుడు రాగానే దిగిపోయేవాళ్లను చూస్తే నాకు జాలి. అసలు ఆట అప్పుడే మొదలవుతుంది. ఎండ తగిలి నేల వేడెక్కడం మొదలవగానే అడుగునున్న గాలి కదులుతుంది, మూత బలహీనపడుతుంది, పొగమంచు పైకి లేస్తుంది. ఏడున్నర, ఎనిమిది ప్రాంతంలో అప్పటిదాకా కింద ఉన్న సముద్రం ఉబ్బి కొండ అంచులు దాటి ఒక్కోసారి మనల్నే కమ్మేస్తుంది. తెల్లారి ఆరింటికి ఏమీ కనిపించక నిరాశపడినవాళ్లకూ, మూత కొంచెం ఎత్తున ఉండి తామే పొగమంచులో మునిగి ఉన్నవాళ్లకూ ఇంకో గంట ఆగితే తెరలు చీలి లోయ కనిపించే అవకాశం ఉంది. పొడి రాత్రి తర్వాత లోయ ఖాళీగా ఉన్నవాళ్లకు మాత్రం ఎంతసేపు ఆగినా అంతే.

కొండ కన్నా ప్రమాదం రోడ్డుదే అంటాను. విశాఖ నుంచి చోడవరం, మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కి పాడేరు చేరాలి. వందకు పైగా కిలోమీటర్ల దారి. రాత్రంతా నడిపి, నాలుగింటికి కొండెక్కి, దిగి, టిఫిను తిని, మళ్లీ అదే డ్రైవరు అదే ఘాట్ దిగడమన్నది శనివారం ప్లాన్లలో మామూలైపోయింది. ఘాట్ ఎక్కేటప్పుడు ఆకాశం తేటగానే ఉంటుంది, పాడేరు పళ్లెంలోకి దిగాక ఉన్నట్టుండి పొగమంచు మీద పడుతుంది. అక్కడ హైబీమ్ వేస్తే టార్చికి చెప్పిన కథే, ఇంకా తక్కువ కనిపిస్తుంది. లోబీమ్, ఫాగ్ లైట్లు వేసుకుని రోడ్డు ఎడమ అంచు పట్టుకుని నెమ్మదిగా వెళ్లాలి. అద్దం లోపలివైపు మసకేస్తే గుడ్డతో తుడుస్తూ కూర్చోకుండా ఏసీ ఆన్ చేసి గాలిని అద్దం మీదికి తిప్పితే నిమిషంలో పోతుంది. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వేసి పెడితే ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలీదు. బండి పక్కన ఆపినప్పుడే అవి. ముందురోజు పగలే పాడేరు చేరి పడుకోవడం అన్నిటికన్నా మంచిది. రాత్రి తొమ్మిదికి కారు టాపు తడిమి చూసే వీలు కూడా వాళ్లకే.

టెంట్లలో ఉండేవాళ్లు ఒక్కటి గట్టిగా గుర్తుంచుకోవాలి. చలిమంట బయటే. బొగ్గుల కుంపటిని గుడారంలోకి తెచ్చి జిప్పు వేసుకుంటే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన, రంగు, పొగ ఏదీ లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇంకో రగ్గు అడగండి, కుంపటి మాత్రం వద్దు.

ఎప్పుడు వెళ్లాలన్నదానికి నా ఓటు నవంబరు రెండో సగం, డిసెంబరు మొదటి సగం. వలిసె పూల పసుపు ఇంకా అక్కడక్కడా మిగిలి ఉంటుంది, నేలలో తేమ ఉంటుంది, చలి కూడా భరించగలిగినంతే. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా చలి ముదురుతుంది గానీ తేమ తగ్గుతూ వస్తుంది, శని ఆదివారాల్లో జనం మాత్రం విపరీతం. కుదిరితే మంగళ, బుధవారాలు చూసుకోవాలి. ఫిబ్రవరి వచ్చేసరికి నేల ఎండిపోతుంది. ఆ తర్వాత పోడు మంటలు, ఎండుటాకుల మంటలు మొదలై లోయలో తెల్లగా పరుచుకున్నది కనిపించినా అందులో పొగ పాలే ఎక్కువ.